హ్యారీ ఫోర్డ్ వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఎమర్సన్‌ని కూడా ఇచ్చేద్దామా?

విభాగం: బేస్‌బాల్ / సియాటిల్ మెరైనర్స్
డిసెంబర్ 2025

రెడ్మండ్ రామం

వార్త చూసే ఉంటారు. మన క్యాచర్ హ్యారీ ఫోర్డ్‌ని వాషింగ్టన్ నేషనల్స్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది హోసే ఫెరేర్, ఎడమచేతి రిలీవర్, అంటే ఆట మధ్యలో దిగి వేసే పిచర్. ఫోర్డ్ ఏమో 2021 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని జట్లు వరసగా ఎంచుకునే పద్ధతి) మనం 12వ నంబర్‌గా తీసుకున్న కుర్రాడు. నాలుగేళ్ళు కింది లీగుల్లో తీర్చిదిద్ది, సెప్టెంబర్లో పైకి తెచ్చి, డిసెంబర్లో సాగనంపారు. మొదట నాకు ఒళ్ళు మండింది.

తర్వాత అక్టోబర్ 20 గుర్తొచ్చింది. టొరంటోలో ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్. మనం 3-1తో ముందున్నాం. ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే చాలు, చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్‌లో, అంటే ఫైనల్లో అడుగుపెట్టేవాళ్ళం. మన రిలీవర్ బజార్డో వేశాడు, వాళ్ళ స్ప్రింగర్ హోమ్ రన్ కొట్టాడు, 4-3తో ఓడాం. బుల్‌పెన్‌లో (రిలీవర్ల దళంలో) నమ్మకంగా బంతి చేతికివ్వగల మనిషి ఇంకొకడు ఉంటే ఏమయ్యేదో! కాబట్టి ఫెరేర్ ఎందుకో అర్థమైంది.

నా అసలు టెన్షన్ ఫోర్డ్ గురించి కాదు. డెట్రాయిట్ వాళ్ళు తమ స్టార్ పిచర్ టరిక్ స్కూబల్‌ని వదులుకుంటే మనం ఎగబడాలని ఇక్కడ సగం మంది అంటున్నారు. అడిగితే వాళ్ళు ముందుగా అడిగేది మన కింది లీగుల్లో ఉన్న షార్ట్‌స్టాప్ (ఇన్‌ఫీల్డర్) కోల్ట్ ఎమర్సన్‌నే. తర్వాత ఈ ఏడాది డ్రాఫ్ట్‌లో 3వ నంబర్‌గా వచ్చిన పిచర్ కేడ్ ఆండర్సన్. మీరైతే ఇస్తారా?

---

చార్టుల చంటి

ఇవ్వను.

---

ఫ్రిస్కో శీను

ఇస్తాను. రెండు చేతులా ఇస్తాను. 1977 నుంచి ఆడుతూ ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ముఖం చూడని జట్టు మీది ఒక్కటే. ఇంకా దాచుకుంటూ కూర్చుంటే ఎలా బాసూ?

మా టెక్సస్ రేంజర్స్ సంగతి చూడండి. 2023 జూలైలో న్యూయార్క్ మెట్స్ నుంచి పిచర్ షెర్జర్‌ని తెచ్చుకోవడానికి లూయిసాంజెల్ అకూన్యా అనే కుర్రాణ్ణి ఇచ్చారు. సెయింట్ లూయిస్ నుంచి పిచర్ జోర్డన్ మాంట్‌గమరీని తెచ్చారు, అతని కాంట్రాక్టు మిగిలింది మూడు నెలలే. ఆ మాంట్‌గమరీయే అక్టోబర్లో మమ్మల్ని మోశాడు. కప్పు మా ఇంటికొచ్చింది, మొట్టమొదటిసారి. అకూన్యా ఇప్పుడేం చేస్తున్నాడని డల్లాస్‌లో ఒక్కడు కూడా అడగడు.

---

మేరీలాండ్ మూర్తి

శీనూ, సగమే చెప్పావు. అదే ఏడాది మీవాళ్ళు ఎవాన్ కార్టర్‌ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు కదా. సెప్టెంబర్లో పైకొచ్చిన కుర్రాడు ప్లేఆఫ్స్‌లో ఆడిన 17 మ్యాచ్‌ల్లోనూ బేస్ మీదికి చేరాడు, 9 డబుల్స్ కొట్టి రికార్డు పెట్టాడు. ఎవరిని ఇవ్వాలో, ఎవరిని ఇవ్వకూడదో తెలుసుకున్నారు. మీ విజయంలో సగం అదే.

ఆ 2023లోనే మా బాల్టిమోర్ ఓరియోల్స్ 101 మ్యాచ్‌లు గెలిచారు. కుర్రాళ్ళ గని అని లోకమంతా మెచ్చుకుంది. జూలైలో పెద్ద పిచర్‌ని తెచ్చుకోండిరా అని మేం మొత్తుకున్నాం. తెచ్చింది ఫ్లాహర్టీని. ప్లేఆఫ్స్‌లో మీ రేంజర్స్ చేతిలో 3-0 తేడాతో ఇంటికి.

అప్పుడు బుద్ధొచ్చి, 2024 ఫిబ్రవరిలో మిల్వాకీ నుంచి కార్బిన్ బర్న్స్‌ని తెచ్చుకున్నారు. ఒక్క ఏడాది కాంట్రాక్టు మిగిలిన, సై యంగ్ (ఏడాది ఉత్తమ పిచర్) అవార్డు గెలిచిన పిచర్, అచ్చం ఇప్పటి స్కూబల్ లాగే. జోయ్ ఓర్టిజ్, డి.ఎల్. హాల్, ఒక డ్రాఫ్ట్ పిక్ ఇచ్చారు. బర్న్స్ తన పని తాను చేశాడు. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో 8 ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. మావాళ్ళు సున్నా కొట్టారు. 1-0తో ఓటమి, మర్నాడు ఇంకోటి, సీజన్ అయిపోయింది. తర్వాత అతను 21 కోట్ల డాలర్లకు అరిజోనా వెళ్ళాడు. ఓర్టిజ్ మిల్వాకీలో షార్ట్‌స్టాప్‌గా సెటిలయ్యాడు, వాళ్ళు రెండేళ్ళూ డివిజన్ గెలిచారు. మేం 2025లో ఆఖరి స్థానం.

ఉంచుకుని ఒకసారి దెబ్బతిన్నాం, ఇచ్చి ఒకసారి దెబ్బతిన్నాం. నన్ను సలహా అడక్కండి.

---

నూజివీడు మాస్టారు

అందరికీ నమస్కారం. నేను బోథెల్‌లో మా అబ్బాయి దగ్గర ఆర్నెల్లుగా ఉంటున్నాను. వాడి పుణ్యమా అని అక్టోబర్లో ఈ ఆట అంటుకుంది. నాకో సందేహం, తప్పుగా అడిగితే నవ్వకండి. ఇంకా మెయిన్ జట్టులో ఒక్క మ్యాచ్ ఆడని పిల్లవాడికి అంత విలువ ఎలా కడుతున్నారు?

మా ఊళ్ళో మామిడి తోటని పూత మీదే బేరం పెట్టేవాళ్ళుంటారు. కొనేవాడు పూత చూసి లెక్క కడతాడు. ఆ తర్వాత గాలివాన వచ్చినా, తేనెమంచు పురుగు పట్టినా నష్టం వాడిది. విరగకాస్తే లాభమూ వాడిదే. రైతుకు ఆ రోజు చేతిలో పడిన డబ్బు ఖాయం. ఇదీ అలాంటిదేనా?

---

టకోమా లక్ష్మి

మాస్టారూ, చాలావరకు అలాంటిదే. కాకపోతే ఇక్కడ పూత మీద అమ్మిన రైతుకు డబ్బు కాదు, పక్క తోటలో పండిన కాయలు ఇస్తారు. అవి ఎన్నాళ్ళు నిలవుంటాయన్నదే గొడవంతా.

విలువ ఎందుకంటే జీతాల పద్ధతి వల్ల. మేజర్ లీగ్‌లోకి వచ్చిన కుర్రాడు ఆరేళ్ళ సర్వీసు పూర్తయ్యేదాకా ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతమే, 2025లో అది 7,60,000 డాలర్లు. తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్, అంటే కాస్త పెంచుతారు గానీ బయట మార్కెట్ ధర రాదు. ఆ తర్వాతే ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుకి వెళ్ళొచ్చు. కాబట్టి మంచి ప్రాస్పెక్ట్ (పైకొస్తాడని ఆశపెట్టుకున్న కుర్రాడు) అంటే ఆరేళ్ళ చవక ఆట. మన ఓనర్లు ఖర్చు దగ్గర ఎంత జాగ్రత్తో మీ అబ్బాయిని అడగండి, చెబుతాడు. మన పిచర్లు గిల్బర్ట్, కర్బీ, మిల్లర్, వూ నలుగురూ మన డ్రాఫ్ట్ పిల్లలే. వాళ్ళు చవగ్గా దొరికారు కాబట్టే మిగిలిన డబ్బు వేరేచోట పెట్టగలిగారు.

ఫోర్డ్ విషయానికొస్తే, నేను ఇక్కడ టకోమాలో చీనీ స్టేడియంలో అతన్ని చాలాసార్లు చూశాను. క్యాచర్ అంటే బండగా ఉండి మెల్లగా పరిగెడతాడనుకుంటాం కదా. ఇతను బేస్‌ల మధ్య లేడిలా దూకుతాడు. నాకు బాధగానే ఉంది. అయితే 60 హోమ్ రన్లు కొట్టిన క్యాల్ రాలీ 2030 దాకా కాంట్రాక్టులో ఉన్న జట్టులో ఇంకో క్యాచర్ ఏం చేయాలి? వారానికొక రోజు ఆడాలా? వాషింగ్టన్‌లో అతనికి అవకాశం వస్తుంది. ఆ పిల్లాడి వైపు నుంచి కూడా ఒకసారి చూడండి.

---

కింగ్‌డోమ్ కృష్ణ

నేను 96లో ఈ ఊరొచ్చాను. ఇదంతా ఒకసారి చూసేశాను, అందుకే నాకు నిద్ర పట్టట్లేదు.

1997 జూలై 31. గ్రిఫీ 56 హోమ్ రన్లు కొట్టిన ఏడాది, బ్యాటింగ్‌లో తిరుగులేదు. బుల్‌పెన్ మాత్రం చిల్లుల కుండ. అప్పుడు బోస్టన్ నుంచి హీత్‌క్లిఫ్ స్లోకమ్ అనే రిలీవర్‌ని తెచ్చారు. ఇచ్చింది ఇద్దరిని: డెరిక్ లో, జేసన్ వారిటెక్. వారిటెక్ ఎవరు? క్యాచర్. ఎందుకిచ్చారు? పైన మంచి క్యాచర్ ఉన్నాడు కాబట్టి. ఆ పైనున్న క్యాచర్ ఎవరు? డాన్ విల్సన్. అవును, అక్టోబర్లో బజార్డోని పిలిచిన మన మేనేజర్ డాన్ విల్సనే!

స్లోకమ్ 98తో వెళ్ళిపోయాడు. 2004లో బోస్టన్ రెడ్ సాక్స్ 86 ఏళ్ళుగా కప్పు రాని శాపం పోగొట్టుకున్నప్పుడు ప్లేట్ వెనక వారిటెక్. మూడు సిరీస్‌ల్లోనూ ఆఖరి మ్యాచ్ గెలిచిన పిచర్ డెరిక్ లో. మనం టీవీలో చూశాం.

ఆ గాయం మానకముందే 2008. పిచర్ ఎరిక్ బెడార్డ్ కోసం బాల్టిమోర్‌కి ఐదుగురు. అందులో ఆడమ్ జోన్స్, క్రిస్ టిల్‌మన్. బెడార్డ్ భుజం పట్టేసింది. మనం ఆ ఏడాది 101 మ్యాచ్‌లు ఓడాం. జోన్స్ ఐదుసార్లు ఆల్ స్టార్. మూర్తి గారూ, మీకు గుర్తుండే ఉంటుంది.

---

మేరీలాండ్ మూర్తి

మర్చిపోతామా? జోన్స్‌ని ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటాం. థాంక్స్ అండీ :)

---

చార్టుల చంటి

కృష్ణ అంకుల్, స్లోకమ్‌తో ఫెరేర్‌ని పోల్చకూడదు. స్లోకమ్‌ని తెచ్చే నాటికే అతని సీజన్ బాగాలేదు. ఫెరేర్‌కి 25 ఏళ్ళు, 2029 దాకా మన చేతిలో ఉంటాడు. నా దృష్టిలో చూడాల్సినవి రెండే. ఒకటి, తెచ్చుకున్నవాడు ఎన్నేళ్ళు ఉంటాడు. రెండు, ఇచ్చినవాడికి మన దగ్గర చోటుందా. ఫోర్డ్ ట్రేడ్ రెండింటిలోనూ పాస్. స్కూబల్ రెండింటిలోనూ ఫెయిల్. అతనికి 2026 సీజన్ ఒక్కటే మిగిలింది, ఎమర్సన్‌కి మన ఇన్‌ఫీల్డ్‌లో కావలసినంత చోటుంది.

ఇంకోటి. మీరు బాధపడే ట్రేడ్లే గుర్తుపెట్టుకుంటారు. 2022లో పిచర్ లూయిస్ కాస్టియో కోసం సిన్సినాటికి నలుగురిని ఇచ్చినప్పుడు ఇక్కడ ఎంత ఏడ్చారు? నోయెల్వి మార్తే మన నంబర్ వన్ ప్రాస్పెక్ట్. అతనికి 2024లో డోపింగ్ కేసులో 80 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. ఎడ్విన్ అరోయో భుజం ఆపరేషన్‌తో 2024 మొత్తం పోగొట్టుకున్నాడు. కాస్టియో వచ్చి మూడు నెలలు తిరక్కుండానే టొరంటోలో 7 ఇన్నింగ్స్‌కి పైగా సున్నా పరుగులిచ్చి, 21 ఏళ్ళ తర్వాత మనల్ని ప్లేఆఫ్స్‌లో గెలిపించాడు. అంతకుముందే 10.8 కోట్ల కాంట్రాక్టు ఇచ్చి ఉంచేసుకున్నాం.

కెలెనిక్ గురించి ఎవరూ మాట్లాడరేం? మెట్స్ అతన్ని మనకిచ్చినప్పుడు న్యూయార్క్‌లో గుండెలు బాదుకున్నారు. మన దగ్గర బ్యాటింగ్ యావరేజ్ 2021లో .181, 2022లో .141, రెండూ ఘోరం. 2023లో స్ట్రైక్‌అవుట్ అయిన కోపంతో వాటర్ కూలర్‌ని తన్ని కాలు విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళకి దక్కిన ఎడ్విన్ డియాజ్ మాత్రం లీగ్‌లోనే గొప్ప క్లోజర్ (ఆఖర్లో వచ్చి ఆట ముగించే పిచర్) అయ్యాడు.

---

రెడ్మండ్ రామం

చంటీ, కూలర్ సంగతి ఎత్తకు. ఇంకా నొప్పిగా ఉంది.

---

నేపర్‌విల్ వేణు

షికాగో నుంచి ఒక మాట. 2016లో మా కబ్స్ క్లోజర్ చాప్‌మన్ కోసం గ్లేబర్ టోరెస్‌ని యాంకీస్‌కి ఇచ్చారు. టోరెస్ అప్పటికే బేస్‌బాల్‌లో పెద్ద ప్రాస్పెక్టుల్లో ఒకడు. చాప్‌మన్‌కి మిగిలిన కాంట్రాక్టు మూడు నెలలే. అంటే చంటి చెప్పిన రెండు పరీక్షల్లో మొదటిది డింకీ కొట్టింది. తీరా చూస్తే క్లీవ్‌లాండ్‌లో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, 8వ ఇన్నింగ్స్‌లో ఆ చాప్‌మనే రాజయ్ డేవిస్‌కి హోమ్ రన్ ఇచ్చి 6-6 చేశాడు. ఆ రాత్రి నేను సోఫా వెనక నక్కి కూర్చున్నాను. వానకి 17 నిమిషాలు ఆట ఆగింది, పదో ఇన్నింగ్స్‌లో 8-7తో గెలిచాం. 1908 తర్వాత అదే మొదటి కప్పు. టోరెస్ తర్వాత మూడుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు. అవనీ. మళ్ళీ అడిగినా ఇస్తాం.

అసలు దెబ్బ తర్వాతి ఏడాది. గెలుపు రుచి మరిగి 2017లో పిచర్ హోసే కింటానా కోసం డిలన్ సీస్, ఎలోయ్ హిమెనెజ్ ఇద్దరినీ మా ఊళ్ళోనే ఉన్న వైట్ సాక్స్‌కి ఇచ్చారు. కింటానాకి ఇంకా మూడేళ్ళ పైన కాంట్రాక్టు ఉంది, చంటి లెక్కలో పాస్. అతను చెడ్డ పిచర్ కాదు, కానీ మాకు కప్పు తెచ్చే మనిషీ కాదు. సీస్ 2022లో సై యంగ్ ఓట్లలో రెండో స్థానంలో ఉన్నాడు. 2021 వచ్చేసరికి గోదాం ఖాళీ. కప్పు తెచ్చిన రిజో, బ్రయంట్, బాయెజ్ ముగ్గురినీ ఒకే వారంలో అమ్మేశారు.

ఇక్కడో తమాషా. బాయెజ్‌ని ఇస్తే మెట్స్ నుంచి వచ్చిన కుర్రాడే పీట్ క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్. 2025లో 31 హోమ్ రన్లు, 35 స్టీల్స్. మెట్స్‌కి బాయెజ్ ఉన్నది రెండు నెలలు. కాబట్టి కొనేటప్పుడు ఎంత తెలివి కావాలో అమ్మేటప్పుడూ అంతే కావాలి.

---

డెట్రాయిట్ పెద్దోడు

ఏమయ్యా, మా స్కూబల్‌ని మీరే పంచేసుకుంటున్నారా? మమ్మల్ని అడిగేదేమైనా ఉందా?

ముందుగా ఒకటి. అతను చదివింది మీ సియాటిల్ యూనివర్సిటీలోనే. 2018లో తొమ్మిదో రౌండ్ దాకా అతను మిగిలే ఉన్నాడు, మీవాళ్ళు కూడా వదిలేశారు. మేం పట్టుకుని, ఆపరేషన్ అయినా ఓపిక పట్టి నిలబెట్టుకున్నాం. వరసగా రెండు సై యంగ్ అవార్డులు. ఉంచుకుంటే ఏమొస్తుందో మేం చూపించాం.

ఇచ్చేస్తే ఏం పోతుందో కూడా మేమే చూపించాం. మేం 80ల్లో ఇక్కడికొచ్చిన వాళ్ళం. 1987 ఆగస్టులో డోయల్ అలెగ్జాండర్ అనే 36 ఏళ్ళ పిచర్ కోసం జాన్ స్మోల్ట్జ్ అనే కుర్రాణ్ణి అట్లాంటాకి ఇచ్చారు. స్మోల్ట్జ్ లాన్సింగ్‌లో పెరిగినవాడు, మిషిగన్ పిల్లాడు. అలెగ్జాండర్ వచ్చి 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. టొరంటోని దాటి డివిజన్ కొట్టాం. తర్వాత మిన్నెసోటా చేతిలో ఓడిపోయాం. స్మోల్ట్జ్ 213 గెలుపులు, 154 సేవ్‌లతో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు, అంతా వేరే రంగు చొక్కాలో.

అయినా నేను ఆ ట్రేడ్‌ని తిట్టను. తొమ్మిదికి తొమ్మిది గెలిచాడండీ! అంతకంటే ఏం చేయమంటారు? కప్పు రాకపోవడం అలెగ్జాండర్ తప్పు కాదు.

అక్టోబర్ 10న మీ గ్రౌండ్‌లో స్కూబల్ 6 ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైక్‌అవుట్ చేశాడు. మీరు 15 ఇన్నింగ్స్ ఆడి 3-2తో గెలిచారు, అదీ అతను దిగిపోయాక. అలాంటివాణ్ణి మీ జట్టులో ఊహించుకోండి. ఎమర్సన్, ఆండర్సన్ ఇద్దరూ కావాలి. ఒకరితో సరిపెట్టుకోం.

---

ఫ్రిస్కో శీను

పెదనాన్నా, బేరం మొదలైంది!!

---

టకోమా లక్ష్మి

> ఎమర్సన్, ఆండర్సన్ ఇద్దరూ కావాలి

అంకుల్, మీరు గట్టివారే. కానీ మాకు స్కూబల్ ఏ జబ్బుకి మందు? పిచింగ్ మా దగ్గర ఉంది. బంతిని బయటకి కొట్టేవాళ్ళు తక్కువ. జూలైలో ఆ లోటుకే సరిగ్గా ఖర్చు పెట్టారు. బ్యాటర్ నేలర్ కోసం ఇద్దరు చిన్న పిచర్లు, ఇంకో బ్యాటర్ సువారెజ్ కోసం లాక్‌లియర్‌తో పాటు ఇంకో ఇద్దరు. పెద్ద పేరున్న ప్రాస్పెక్ట్ ఒక్కడు కూడా పోలేదు. సువారెజ్ మన దగ్గర .189 కొట్టాడని అందరూ తిట్టారు. టొరంటోతో ఐదో మ్యాచ్‌లో 8వ ఇన్నింగ్స్ గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) పడగానే ఆ తిట్టినవాళ్ళే పక్కవాళ్ళని కౌగిలించుకున్నారు, నేను కళ్ళారా చూశాను. నేలర్ ఇక్కడే నచ్చి 9.25 కోట్లకు ఐదేళ్ళు ఉండిపోయాడు. నాకు ఇలాంటి ట్రేడ్లు ఇష్టం. వంటింట్లో ఏది లేదో చూసి అదే కొనుక్కోవడం.

ఇంకో మాట. ఎవర్ని ఇచ్చినా సరేగానీ సైంజాని మాత్రం ఇవ్వొద్దు. మన కింది లీగు జట్టు ఆడే ఎవరెట్‌లో చూశాను. రెండు చేతులతోనూ బంతి వేస్తాడు! ఏ చేతికైనా తొడుక్కునేలా కుట్టించిన గ్లవ్. బ్యాటర్ రాగానే ఏ చేత్తో వేస్తాడో ముందు అంపైర్‌కి చూపించాలి, అది రూలు. మా పాప తొమ్మిదేళ్ళది, అన్నం తినడం మానేసి గ్లవ్ మార్చడమే చూస్తూ కూర్చుంది.

---

కింగ్‌డోమ్ కృష్ణ

అమ్మా లక్ష్మీ, చూడ్డానికి సరదాగా ఉన్నాడని ఉంచుకుంటే ఇక అయినట్టే. ఫోన్ వస్తే మొదట పంపాల్సింది అలాంటివాణ్ణే. ఇంకా మెయిన్ జట్టుకి రెండు మెట్ల కింద, డబుల్-ఏ లో ఉన్న పిచర్ మోచేయి ఎప్పుడు ఏమవుతుందో దేవుడికే తెలియాలి.

---

టకోమా లక్ష్మి

అతనికి రెండు మోచేతులున్నాయి అంకుల్.

---

నూజివీడు మాస్టారు

బాగుందమ్మా! నాకు ఇంకొకటి తెలియాలి. ఈ పిల్లల్ని అడుగుతారా, లేక సంత పశువుల్లా ఇటు నుంచి అటు తోలేస్తారా?

---

నేపర్‌విల్ వేణు

అడగరు మాస్టారూ. మేజర్ లీగ్‌లో పదేళ్ళు పూర్తిచేసి అందులో చివరి ఐదు ఒకే జట్టుతో ఉంటేనే కాదనే హక్కు వస్తుంది. లేదా కాంట్రాక్టులో రాయించుకోవాలి. మైనర్స్‌లో ఉన్నవాడికి ఆ రెండూ ఉండవు. 2015లో మెట్స్ ఆటగాడు విల్మర్ ఫ్లోరెస్‌ని ట్రేడ్ చేశారన్న వార్త మ్యాచ్ నడుస్తుండగానే స్టేడియమంతా పాకింది. పదహారేళ్ళకే ఆ సంస్థలో చేరినవాడు. ఫీల్డింగ్ చేస్తూ కళ్ళు తుడుచుకోవడం టీవీలో అందరూ చూశారు. చివరికి ఆ ట్రేడ్ జరగలేదు. రెండు రోజుల తర్వాత అతనే హోమ్ రన్ కొట్టి మ్యాచ్ గెలిపించాడు.

---

మోడరేటర్

మెట్స్ ఓనర్ల మీద వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఆట గురించి మాట్లాడుకుందాం.

---

ఫ్రిస్కో శీను

సరే, నా ఆఖరి మాట. రాలీ మళ్ళీ 60 కొడతాడా? హూలియో, రాలీ, కర్బీ, గిల్బర్ట్, వూ అందరూ ఒకేసారి మంచి వయసులో, చవక జీతంలో ఉన్నది ఇప్పుడే. గిల్బర్ట్ 2027 తర్వాత ఫ్రీ ఏజెంట్. ఈ రెండేళ్ళు దాటితే ఎమర్సన్ ఆడతాడు సరే, వీళ్ళందరూ ఇలా ఒకేచోట పక్కన ఉండరు. ఈ రెండేళ్ళని చూడండి, 2031ని కాదు.

---

చార్టుల చంటి

ఇందులో పాయింట్ ఉంది, ఒప్పుకుంటా. అందుకే ఎమర్సన్‌ని ఇవ్వకూడదంటున్నా. అతను 2031 కుర్రాడు కాదు, మెయిన్ జట్టుకి ఒక్క మెట్టు కిందున్న ట్రిపుల్-ఏ దాకా వచ్చేశాడు, 2026లోనే పైకి రావచ్చు. ఆ రెండేళ్ళలో కనీస జీతానికి ఇన్‌ఫీల్డ్‌లో ఆడతాడు. నువ్వు చెప్పే కిటికీలోనే ఉన్నాడు. దూరంగా ఉన్నవాళ్ళని ఇద్దాం: ఫార్మెలో, సెలెస్టెన్. దగ్గరగా ఉన్నవాళ్ళని ఆడిద్దాం.

---

రెడ్మండ్ రామం

చంటితో నేను ఏకీభవిస్తున్నాను. పెద్దాయనా, ఇదిగో నా బేరం. లాజారో మోంటెస్, ఫార్మెలో, సైంజా (సారీ లక్ష్మి గారూ), పైన ఇంకో పిచర్ మీకు నచ్చినవాణ్ణి. ఎమర్సన్ పేరు, ఆండర్సన్ పేరు ఎత్తొద్దు. స్కూబల్‌ని పంపండి, అతని పాత యూనివర్సిటీ ఎటూ ఇక్కడే ఉంది.

---

డెట్రాయిట్ పెద్దోడు

ఫోన్ పెట్టేస్తున్నాను.

---

ఫ్రిస్కో శీను

పెదనాన్నా, పెట్టేయకండి, మా రేంజర్స్ లైన్లో ఉన్నారు.